మొదటిసారి స్కీయింగ్‌కు ఎక్కడికి వెళ్లాలి? పాలమూరు, నల్లగొండ నుంచి బయల్దేరేవాళ్లకు గుల్‌మర్గ్ నుంచి ఆల్ప్స్ దాకా ఒక పోలిక

మంచులో ఒక్కసారైనా స్కీయింగ్ నేర్చుకోవాలని అనుకునేవాళ్లు మన పాలమూరు, నల్లగొండ వైపు ఇప్పుడు చాలామందే కనిపిస్తున్నారు. అందరూ ఆగిపోయేది ఒకే ప్రశ్న దగ్గర: "గుల్‌మర్గ్ పోదామా, మనాలి పోదామా, ఇంకొంచెం ఎక్కువ పెట్టుకుని స్విట్జర్లాండే పోదామా?"

పేరు చూసో, ఫొటోలు చూసో దీనికి జవాబు వెతికితే డబ్బు వృథా అవుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు కొండ ఎంత పెద్దదన్నది లెక్కలోకే రాదు. మీ మొదటి రెండు మూడు రోజులు గడిచేది వంద, రెండు వందల మీటర్ల పొడవున్న, కాస్త వాలుగా ఉన్న మంచు నేల మీద. ఆ నేల బాగుందా, నేర్పేవాళ్లు ఓపిగ్గా నేర్పుతారా, వరసగా నాలుగైదు రోజులు మీరు అక్కడే ఉండగలరా? ఈ మూడూ కుదిరిన చోటే మీకు మంచి చోటు. ఒక్క రోజు స్కీలు తొడుక్కుని ఫొటో దిగి వచ్చే ప్యాకేజీ టూర్‌లో స్కీయింగ్ రాదు. మొదటి రోజంతా పడటం, లేవటం, ఆగటంతోనే సరిపోతుంది. ఆనందం మొదలయ్యేది మూడో రోజు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

సెలవులు. సగం విషయం ఇక్కడే తేలిపోతుంది. మనకు పొడవైన సెలవులు ఎండాకాలంలో వస్తాయి. అప్పటికి హిమాలయాల్లో గానీ, యూరప్‌లోని ఆల్ప్స్ కొండల్లో గానీ కొత్తవాళ్లు నేర్చుకునే వాలుల మీద మంచు కరిగిపోయి ఉంటుంది. దసరాకు ఇంకా పడదు. బడి పిల్లలున్న ఇంటికి చలికాలంలో దొరికేది సంక్రాంతి వారమే. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి ఇంటర్, పదో తరగతి పరీక్షల టెన్షన్.

మన దేశంలో మాత్రం సంక్రాంతి నాటికి మంచు ఉంటుందన్న నమ్మకం తక్కువ. కశ్మీరులో డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల గట్టి చలికాలాన్ని చిల్లై కలాన్ అంటారు. ఆ రోజుల్లో మంచు బాగా పడాలి. అయినా 2024 జనవరిలో దాదాపు నెలాఖరు దాకా గుల్‌మర్గ్ కొండలు మంచు లేక గోధుమ రంగులో కనిపించాయి. 2025లో ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. జాతీయ పోటీలకే తేదీ మార్చాల్సి వచ్చినప్పుడు, మార్చలేని విమాన టికెట్లతో వెళ్లే కుటుంబం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

ఆల్ప్స్‌లో పరిస్థితి మనకు అనుకూలంగా ఉంటుంది. సంక్రాంతి వచ్చేసరికి అక్కడ క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ తగ్గిపోతుంది. యూరప్ బడుల ఫిబ్రవరి సెలవులు ఇంకా మొదలుకావు. గదుల అద్దెలు దిగుతాయి, క్లాసుల్లో జనం తక్కువగా ఉంటారు. మన పండగ సెలవులు వాళ్ల చవక వారంలో పడటం నిజంగా మంచి అవకాశం.

నేర్చుకునే వాలు. కొత్తవాళ్ల కోసం విడిగా కేటాయించిన చోటు ఉండాలి. వేగంగా దూసుకొచ్చేవాళ్లు దాని మధ్యలోంచి పోకూడదు. పైకి వెళ్లటానికి నేల మీద కదిలే బెల్టు ఉంటే అన్నిటికన్నా మంచిది, దాని మీద నిలబడితే చాలు. రెండు కాళ్ల మధ్య బిళ్లను గానీ, నడుము కింద వెనకవైపు అడ్డకర్రను గానీ పెట్టుకుని వేలాడుతున్న తాడుతో లాక్కుపోయే డ్రాగ్ లిఫ్ట్ మొదటి రోజు చాలామందిని పడేస్తుంది. ఏదీ లేకపోతే స్కీలు భుజాన వేసుకుని నడిచి ఎక్కాలి. ఎత్తు మీద అలా నాలుగుసార్లు ఎక్కేసరికి నేర్చుకునే ఓపిక ఉండదు.

ఇన్‌స్ట్రక్టర్. తనకు స్కీయింగ్ బాగా వచ్చినంత మాత్రాన ఎవరూ మంచి గురువైపోరు. మీకు అర్థమయ్యే భాషలో, హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పగలిగేవాళ్లు కావాలి. ఒక్కరి దగ్గర ఎంతమంది నేర్చుకుంటున్నారో కూడా అడగండి. ఆరుగురు, ఎనిమిది మంది దాటితే మీ వంతు వచ్చేసరికి కాళ్లు చల్లబడిపోతాయి.

ఇంట్లో మిగతావాళ్లు. అందరూ స్కీయింగ్ చేయరు. నానమ్మ, తాతయ్య, చంటిపిల్ల ఉంటే వాళ్లు రోజంతా ఏం చేస్తారు, ఏం తింటారు, ఎక్కడ వెచ్చగా కూర్చుంటారు అన్నది ముందే చూసుకోవాలి. చాలా ప్రయాణాలు చెడేది ఇక్కడే.

దారి. మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి గంటన్నర, నల్లగొండ నుంచి రెండు గంటలు పట్టవచ్చు. అది ఎవరికీ సమస్య కాదు. విమానం దిగాక కొండ మీదికి పట్టే సమయాన్నే లెక్కపెట్టుకోండి.

## అన్నీ ఒకచోట

| చోటు | మంచి సమయం | కొత్తవాళ్లకు వాలు | విమానం దిగాక | ఎవరికి |
|---|---|---|---|---|
| గుల్‌మర్గ్ | జనవరి చివరి నుంచి మార్చి మొదలు దాకా | ఊరి పక్కనే, బాగుంటుంది | శ్రీనగర్ నుంచి సుమారు 50 కి.మీ. | సెలవు తేదీలు మార్చుకోగలిగినవాళ్లకు |
| ఔలీ | జనవరి చివర, ఫిబ్రవరి | మంచిది, కానీ మంచు మీద ఆధారం | డెహ్రాడూన్ నుంచి రోజంతా ఘాట్ రోడ్డు | కోర్సు చేయాలనుకునే యువతకు |
| సోలాంగ్ | జనవరి చివర, ఫిబ్రవరి | చిన్నది, జనం ఎక్కువ | భుంతర్ నుంచి 60 కి.మీ. పైన | మనాలి చూడటమే ముఖ్యమైనవాళ్లకు |
| షింబులాక్, కజకిస్తాన్ | డిసెంబర్ చివరి నుంచి మార్చి దాకా | బెల్టు ఉంది, పైభాగం నిటారు | అల్మాటీ నగరం నుంచి సుమారు 25 కి.మీ. | సంక్రాంతి సెలవులే ఉన్న కుటుంబాలకు |
| ఆల్ప్స్ | జనవరి నుంచి మార్చి దాకా | అన్నిటికన్నా మేలు | రైల్లో గానీ బస్సులో గానీ కొన్ని గంటలు | ఖర్చు భరించి వారం ఒకేచోట ఉండేవాళ్లకు |
| స్కీ దుబాయ్ | ఏడాదంతా | చిన్నది, కప్పు కింద | నగరంలోనే | నచ్చుతుందో లేదో చూసుకునేవాళ్లకు |

## గుల్‌మర్గ్

మన దేశంలో ఒక్కటే చెప్పమంటే గుల్‌మర్గే చెబుతాను. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. పెద్ద పచ్చిక మైదానం చలికాలంలో మంచు మైదానమవుతుంది. దాని అంచున ఉన్న చిన్న చిన్న వాలుల మీద కొత్తవాళ్లు నేర్చుకుంటారు, వాటికి డ్రాగ్ లిఫ్టులు ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఇక్కడే ఉంది. దాని కోర్సులో సీటు దొరికితే అంతకన్నా మంచి బేరం లేదు. రోజుల తరబడి పద్ధతిగా నేర్పుతారు. తేదీలు వాళ్లు ప్రకటించినప్పుడే దరఖాస్తు చేయాలి.

గుల్‌మర్గ్‌కు పేరు తెచ్చింది గొండోలా, అంటే తీగ మీద వేలాడుతూ కొండెక్కే కేబుల్ కారు. మొదటి దశ కొంగ్‌డూరి దాకా, రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా వెళుతుంది. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: కొత్తవాళ్లు స్కీలతో రెండో దశ పైకి వెళ్లకూడదు. అక్కడి వాలుల్లో చాలా భాగం చదును చేయనిది, మంచు చరియలు విరిగిపడే నేల. 2023, 2024 ఫిబ్రవరి నెలల్లో అక్కడ మంచు చరియల కింద విదేశీ స్కీయర్లు చనిపోయారు. చూడటానికి ఎక్కి గొండోలాలోనే దిగి రండి, అది వేరు. టికెట్లు ఆన్‌లైన్‌లో త్వరగా అయిపోతాయి కాబట్టి ముందే తీసుకోవాలి.

మంచు గట్టిగా పడిన రోజున టంగ్‌మర్గ్ దగ్గర మామూలు కారు ఆపేస్తారు. అక్కడి నుంచి పైకి 13 కిలోమీటర్లు గొలుసులు కట్టిన బండిలోనో, ఫోర్ వీల్ డ్రైవ్ బండిలోనో వెళ్లాలి. దిగగానే గైడ్లు, స్లెడ్జ్ లాగేవాళ్లు చుట్టుముడతారు. వాళ్ల బతుకుదెరువు ఆ మూడు నెలలే, మర్యాదగా మాట్లాడండి. రేటు, ఎన్ని గంటలు, అందులో ఏమేం కలిపారు అన్నది మాత్రం స్కీలు తొడగక ముందే తేల్చుకోండి. అన్నం తినే సీమ కాబట్టి తిండికి ఇబ్బంది లేదు. మొబైల్‌కు పోస్ట్‌పెయిడ్ సిమ్ ఉంటే మంచిది, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లకు అక్కడ ఇబ్బంది ఉంటూ వచ్చింది.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత చాలా ఇళ్లలో కశ్మీరు పేరెత్తితేనే పెద్దవాళ్లు వద్దంటున్నారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. ప్రభుత్వ సూచనలు చూసి, రద్దు చేసుకోగలిగిన గదులు తీసుకుని నిర్ణయించుకోండి. ఇంట్లో ఒకరికి ప్రయాణమంతా గుండె దడగా ఉంటే ఎవరికీ సంతోషం ఉండదు.

## ఔలీ

ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ పైన, సుమారు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య ఔలీ వాలులు ఉన్నాయి. ఎదురుగా నందాదేవి శిఖరం. మన దేశపు స్కీ వాలుల్లో ఇంత అందమైన దృశ్యం ఇంకోటి లేదన్నది నా గట్టి అభిప్రాయం. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఇక్కడ ఏడు రోజుల, పద్నాలుగు రోజుల స్కీయింగ్ కోర్సులు నడుపుతూ వచ్చింది. బస, తిండి, సామాను, శిక్షణ అన్నీ ఒకే ఫీజులో వచ్చే పద్ధతి కాబట్టి ఉద్యోగంలో చేరబోయే కుర్రాళ్లకు, డిగ్రీ పూర్తయిన అమ్మాయిలకు ఇది చాలా సరిపోతుంది.

దారి మాత్రం కష్టం. రిషీకేశ్ నుంచి జోషీమఠ్ దాదాపు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఒక పగలంతా దానికే పోతుంది, వానో మంచో పడితే ఇంకా ఎక్కువ. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు ఊరి నుంచి ఔలీకి వెళ్లే నాలుగు కిలోమీటర్ల రోప్‌వేను ఆపేశారు. రోడ్డు మీద వెళ్లాల్సి వస్తుందనే లెక్క వేసుకోండి. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు తీసేస్తే సంక్రాంతి వారంలో మిగిలేది ఏమీ ఉండదు. పది, పదిహేను రోజులు చేతిలో ఉన్నవాళ్లే ఇటు చూడాలి. పెద్దవాళ్లతో వద్దు.

## సోలాంగ్

మనాలికి 13 కిలోమీటర్ల దూరం. స్కీయింగ్ కోసమే అయితే నేను దీన్ని ఎంచుకోను. పారాగ్లైడింగ్, మంచు స్కూటర్లు, గుర్రాలు, ఫొటోల జనం అందరూ ఒకే వాలు మీద ఉంటారు. కొత్తగా నేర్చుకుంటూ ఆగలేక కిందికి జారుతున్న మనిషికి ఎదురుగా పిల్లలు అడ్డంగా పరిగెత్తడం ప్రమాదం. గంట లెక్కన స్కీలు అద్దెకిచ్చి, రెండు మాటలు చెప్పి వదిలేసేవాళ్లూ ఉంటారు.

మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ కోర్సు మాత్రం వేరే స్థాయి. అది దొరికితే వెళ్లండి. లేదంటే మనాలిని మనాలిగా చూసి రండి.

## షింబులాక్

మన వైపు నుంచి చాలామందికి ఇది తట్టదు. కజకిస్తాన్‌లో అల్మాటీ నగరం పక్కనే ఉన్న కొండల్లో షింబులాక్ ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు 14 రోజుల దాకా వీసా లేకుండా వెళ్లవచ్చు. ఈ సదుపాయం 2022లో వచ్చింది, బుక్ చేసే ముందు ఇప్పటి నిబంధన ఒకసారి చూసుకోండి. ఢిల్లీ నుంచి అల్మాటీకి నేరుగా వెళ్లే విమానానికి పట్టేది నాలుగు గంటల లోపే. ఎంబీబీఎస్ చదవటానికి పిల్లలను అక్కడికి పంపిన ఇళ్లు మనలో ఉన్నాయి కాబట్టి ఊరి గురించి అడిగి తెలుసుకోవటానికి మనిషి దొరకవచ్చు.

నగరంలో హోటల్ తీసుకుని రోజూ కొండకు వెళ్లి రావచ్చు. 12వ నంబరు సిటీ బస్సు కొండ దిగువన ఉన్న మెదెవ్ దాకా వెళుతుంది. అక్కడి నుంచి సుమారు నాలుగున్నర కిలోమీటర్ల గొండోలా మిమ్మల్ని 2,260 మీటర్ల ఎత్తున్న షింబులాక్ అడుగుభాగానికి చేరుస్తుంది. ఈ ఎత్తు వల్ల, మంచు తయారుచేసే యంత్రాల వల్ల జనవరి మధ్యలో వాలులు తెరిచి ఉంటాయన్న నమ్మకం మన హిమాలయాల కంటే ఎక్కువ. స్కీయింగ్ చేయనివాళ్లు మెదెవ్‌లోని పెద్ద ఐస్ స్కేటింగ్ రింకుకో, నగరంలో బజారుకో వెళ్లవచ్చు, గొండోలా ఎక్కి పైన టీ తాగి రావచ్చు. కుటుంబాలకు నేను ఈ చోటు చెప్పటానికి ఇదే పెద్ద కారణం.

లోటు కూడా ఉంది. కొత్తవాళ్ల వాలు బాగానే ఉంటుంది గానీ అది దాటాక తర్వాతి మెట్టు ఒక్కసారిగా నిటారుగా ఉంటుంది. మూడు, నాలుగు రోజులకు అక్కడి నేల సరిపోతుంది, వారానికి చాలదు. ఇంగ్లీషు వచ్చే ఇన్‌స్ట్రక్టర్‌ను ముందే బుక్ చేసుకోకపోతే రష్యన్‌లో సైగలతో నేర్చుకోవాల్సి వస్తుంది. తిండిలో మాంసం ఎక్కువ, గుర్రపు మాంసం కూడా మామూలే. శాకాహారులు అల్మాటీలోని భారతీయ హోటళ్ల దగ్గర బస చూసుకుని, నాలుగు రకాల పొడులు సంచిలో వేసుకుని వెళితే సుఖం.

ఇలాంటిదే ఇంకోటి జార్జియాలోని గుదౌరి. టిబిలిసి నుంచి సుమారు 120 కిలోమీటర్లు. వాలులు విశాలంగా, చెట్లు లేకుండా ఉంటాయి కాబట్టి నేర్చుకునేవాళ్లకు షింబులాక్ కంటే నేలే మేలు. కానీ వీసా పని ఉంది, భారీగా మంచు పడితే కొండ దారి మూసేస్తారు. ఇంతకుముందు ఒకసారి విదేశం వెళ్లొచ్చినవాళ్లకు, బండి దొరక్కపోయినా కంగారుపడనివాళ్లకు గుదౌరి బాగుంటుంది.

## ఆల్ప్స్

కొత్తవాళ్లకు నేర్పటంలో ఆల్ప్స్‌ను మించింది లేదు. తరాలుగా వాళ్లకు అదే పని. ప్రతి ఊళ్లో స్కీ స్కూలు, బెల్టులు, చదును చేసిన వాలులు ఉంటాయి. ప్రతి దారికీ రంగు ఉంటుంది: ఫ్రాన్స్‌లో పచ్చ అన్నిటికన్నా తేలిక, తర్వాత నీలం, ఎరుపు, నలుపు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఇటలీలో సాధారణంగా నీలంతోనే మొదలవుతుంది. రంగు చూసి వెళ్లగలగటం కొత్తవాళ్లకు పెద్ద ధైర్యం.

ఎక్కడికి అంటే, నేర్చుకోవటమే ముఖ్యమైతే ఫ్రాన్స్‌లోని ఆల్ప్ ద్యుయెజ్. ఊరే 1,860 మీటర్ల ఎత్తున ఉంది, ఊరి పైనే వెడల్పాటి పచ్చ దారులు ఉన్నాయి. మంచు నమ్మకం ఇంకా కావాలంటే ఆస్ట్రియాలోని ఓబర్‌గుర్గ్ల్, 1,900 మీటర్ల పైన. డబ్బు చూసుకోవాలంటే ఆస్ట్రియాలోనే సోల్ లాంటి పల్లెలు. అవి 700 మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి, వెచ్చని ఏడాదిలో యంత్రాల మంచు మీద ఆధారపడాలి. అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు స్విట్జర్లాండ్‌లోని వెంగెన్, గ్రిండెల్వాల్డ్. వెంగెన్‌లోకి కార్లు రావు, లౌటర్‌బ్రున్నెన్ నుంచి రైలెక్కి వెళ్లాలి. కొత్తవాళ్ల వాలు ఊరి నడుమనే ఉంటుంది, కాబట్టి మనవడు పడి లేవటం తాతయ్య బెంచీ మీద కూర్చుని చూడవచ్చు. మిగతా రోజుల్లో వాళ్లు 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు రైల్లో వెళ్లి రావచ్చు. ఖర్చు మాత్రం పై అన్నిటికన్నా ఎక్కువ.

ఈ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు. 30,000 యూరోల బీమా తప్పనిసరి. డబ్బు ఆదా చేసే కిటుకులు కొన్ని ఉన్నాయి. పెద్ద రిసార్టుల్లో పూర్తి లిఫ్ట్ పాస్ రోజుకు 60 యూరోలు సులువుగా దాటుతుంది, కొత్తవాళ్లకు మొదటి రెండు రోజులు అది అక్కర్లేదు. చాలాచోట్ల నేర్చుకునే లిఫ్టులు ఉచితం, లేదా వాటికి విడిగా చవక పాస్ ఉంటుంది. గ్రూపు క్లాసులు ఎక్కువగా ఆదివారమో సోమవారమో మొదలవుతాయి. మంగళవారం దిగితే వారమంతా ఖరీదైన ప్రైవేటు క్లాసులే దిక్కు. కాబట్టి శనివారానికల్లా చేరేలా టికెట్ తీయండి.

పది రోజుల్లో ఐదు దేశాల టూర్‌లో ఒక పూట స్విట్జర్లాండ్‌లోని టిట్లిస్ కొండ ఎక్కి మంచు చూడటం కూడా ముచ్చటే. కానీ దాన్ని స్కీయింగ్ సెలవు అనుకుని డబ్బు కట్టకండి.

## స్కీ దుబాయ్

2005లో తెరిచిన కప్పు కింది వాలు, అన్నిటికన్నా పొడవైన దారి 400 మీటర్లు. కొండ లేదు, ఆకాశం లేదు. కానీ మే నెలలో కూడా మంచు ఉంటుంది, మన ఎండాకాలం సెలవుల్లో వెళ్లగలిగేది ఇదొక్కటే. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు ఉన్నాయి, గల్ఫ్‌లో చుట్టాలు లేని ఊరు మన జిల్లాల్లో తక్కువ. రెండు పూటల క్లాసు తీసుకుంటే చలి పడుతుందా, భయం వేస్తుందా, పిల్లలకు ఇష్టమేనా అన్నది తేలుతుంది. ఆగటం, తిరగటం వచ్చాక అసలు కొండకు వెళితే మొదటి రోజు కలిసొస్తుంది.

## నన్నడిగితే

పిల్లల బడి, ఒకే వారం సెలవు, తాతానానమ్మలు తోడు: షింబులాక్. బడ్జెట్ ఉంటే అదే వారంలో వెంగెన్.

ఇద్దరే, లేదా స్నేహితులు, ఫిబ్రవరిలో సెలవు పెట్టగలరు: గుల్‌మర్గ్, ఐదు రోజులు, వచ్చే వారపు మంచు సూచన చూసి బుక్ చేసుకోవాలి.

ఒంటరిగా, సమయం ఎక్కువ, డబ్బు తక్కువ: ఔలీ లేదా గుల్‌మర్గ్ సంస్థ కోర్సు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఏ చోటూ వద్దు.

## ఎక్కడికెళ్లినా

నెలన్నర ముందు నుంచి రోజూ గోడకుర్చీ వేయండి. బళ్లో శిక్షగా వేసిందే, ఇక్కడ తొడలను కాపాడేది. కాటన్ బనియన్లు, జీన్స్ వద్దు. చెమటకు తడిసి ఒంటికి అంటుకుంటే చలి ఎముకల్లోకి దిగుతుంది. ఒంటిని అంటుకునే థర్మల్, దానిపై ఫ్లీస్, ఆపైన నీరు ఆగే కోటు చాలు. మేజోళ్లు రెండు జతలు తొడగకండి, పొడవైన పల్చటి జత ఒక్కటే. బూటు సైజు పాదం పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది కాబట్టి ఇంట్లోనే కొలుచుకుని వెళ్లండి. అద్దె దుకాణంలో బరువు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. పడినప్పుడు స్కీ ఊడి కాలు విరగకుండా కాపాడే బిగింపును ఆ లెక్కతోనే సరిచేస్తారు. హెల్మెట్, కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి, మంచు మీద ఎండ రెట్టింపవుతుంది. మామూలు ట్రావెల్ బీమా చాలాసార్లు స్కీయింగ్ ప్రమాదానికి వర్తించదు. శీతాకాల క్రీడలు అని పాలసీలో రాసి ఉందో లేదో చదివాకే డబ్బు కట్టండి.